తెర మీద బోణీ

విజయవాడ భవానీపురంలో అతన్ని లెక్కల అఫ్రాజ్ అనేవాళ్లు. బడిలో నేర్చిన లెక్కలు అంతంతమాత్రమే గానీ, మనుషులను లెక్కపెట్టే పిచ్చి మాత్రం చిన్నప్పటినుంచీ ఉంది. పెళ్లికి వెళ్తే ఎన్ని బంతులు లేచాయో చూసేవాడు. బజార్లో నిలబడితే ఏ కొట్టులోకి ఎవరు పోయారో, వాళ్లలో వట్టిచేతులతో బయటికొచ్చిన వాళ్లెవరో గమనించేవాడు.

ఆ పిచ్చి వాళ్ల నాన్న మహమ్మద్ గారి వల్ల పట్టుకుంది. తొంభైల్లో ఆయన వన్ టౌన్‌లో కూర్చుని సినిమా హాళ్లకు స్లైడ్లు రాసేవాడు. చీరల కొట్టు పేరో, ఇత్తడి సామాను కొట్టు పేరో గాజుపలక మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిస్తే, ఇంటర్వెల్లో తెర మీద వేసేవాళ్లు. "ఎంతమంది చూశారండీ?" అని కొట్టువాళ్లు అడిగితే, ఆయన తడుముకోకుండా "హౌస్‌ఫుల్ అండీ" అనేవాడు. హాలు నిండిన మాట నిజమే. కాకపోతే స్లైడు పడే వేళకు జనమంతా సోడాల దగ్గర తోసుకుంటూ ఉండేవాళ్లు. వెంట వెళ్లిన అఫ్రాజ్ ఆ ఖాళీ కుర్చీలను చూసి సిగ్గుతో చచ్చిపోయేవాడు. నాన్న చెప్పేది అబద్ధమని అనలేడు, నిజమని ఒప్పుకోలేడు. "ఎవడు చూశాడో ఎవడు చూడలేదో పైవాడికి తప్ప ఎవడికి తెలుస్తుందిరా?" అని మహమ్మద్ గారు నవ్వేసేవాడు.

స్లైడ్ల కాలం పోయింది. కేబుల్ టీవీలో అడుగున పాకే అక్షరాల కాలం వచ్చింది, అదీ పాతబడింది. రెండువేల ఏడు నాటికి విజయవాడలోనే కాదు, చుట్టుపక్కల ఊళ్లలో కూడా సందుకొక నెట్ సెంటరు వెలిసింది. అఫ్రాజ్ అప్పటికి పెళ్లయి సంసారం చేసుకుంటున్నాడు. వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుని, ఊరి కబుర్లు, సినిమా వేళలు, రైళ్ల వేళలు అన్నీ కలిపి తెలుగులో ఒక సైటు పెట్టాడు. అందులో స్థానిక కొట్లవాళ్ల బ్యానర్లు వేసి బతకాలని అతని ఆలోచన. నాన్న చెప్పలేకపోయిన జవాబు తాను చెప్పగలనని అతనికి మహా గర్వం. ఏ బ్యానర్ ఎన్నిసార్లు తెర మీదికి వచ్చిందో, దాని మీద ఎందరు నొక్కారో, నొక్కితే వచ్చే వీడియోను ఎందరు చివరిదాకా చూశారో, అన్నీ కంప్యూటరే చెబుతుంది. హౌస్‌ఫుల్ అని కోతలు కోయనక్కర్లేదు.

అందుకోసం అతను పడ్డ తిప్పలు కూడా తక్కువేం కాదు. హనుమాన్ జంక్షన్, గుడివాడ, గన్నవరం, నూజివీడు తిరిగి నెట్ సెంటర్ల వాళ్లను బతిమాలాడు. కంప్యూటరు ఆన్ చేయగానే తన సైటే కనపడేలా పెట్టించాడు. బదులుగా వాళ్ల సెంటరు పేరు సైటులో వేశాడు. ఏ నొక్కుడు ఏ సెంటరు నుంచి వచ్చిందో తెలిసేలా ఒక్కో సెంటరుకు ఒక్కో గుర్తు పెట్టుకున్నాడు.

ఇంతా చేస్తే, నిజం చెప్పడం వల్లే అతని వ్యాపారం మునిగేలా ఉంది. "మీ బ్యానర్ చాలామంది ముందుకు వచ్చిందండీ, కానీ నొక్కినవాళ్లు చాలా తక్కువ," అని ఉన్నదున్నట్టు చెబితే కొట్టువాళ్లు మొహం చిట్లించుకుని మానేసేవాళ్లు. హౌస్‌ఫుల్ అన్నవాడికి పని దొరికింది, నిజం చెప్పినవాడికి ఈగలు తోలుకోవడం మిగిలింది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, లోకం తీరే అంత.

అలాంటప్పుడు నాగమల్లేశ్వరి ప్రకటన వేయించుకుంది.

ఆమె అఫ్రాజ్ వాళ్ల వీధిలోనే ఉంటుంది. బందరు అవతల సముద్రం ఒడ్డు ఊరి మనిషి. మొగుడు పేరయ్య వలకు వెళ్లేవాడు. ఒకసారి పడవ లాగుతుండగా భుజం జారి, మళ్లీ సరిగ్గా కుదురుకోలేదు. చెయ్యి పైకెత్తలేనివాడు వలేం లాగుతాడు? సంసారం విజయవాడకు చేరింది. ఆమె వన్ టౌన్ చేపల మార్కెట్లో బుట్ట పెట్టింది. కుళాయి పక్కన, రేకు నీడలో, గేట్లోంచి రాగానే కళ్లబడే చోటు అది. అలాంటి చోటు కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటారు. పేరయ్య ఎండుచేపల మూటలతో బస్సుల్లో తిరిగి పల్లెటూళ్ల కొట్లకు వేసి వస్తుండేవాడు. మార్కెట్లోకి మాత్రం ఎన్నడూ అడుగు పెట్టలేదు. పెళ్లాం బుట్ట మీద బతుకుతున్నాడని అక్కడెవరో ఒకసారి అన్నారట.

నాగమల్లేశ్వరి పెట్టే రొయ్యల పచ్చడి వీధి వీధంతా లొట్టలేసుకుని తినేది. అఫ్రాజ్ భార్య అక్తరున్నీసాకు అదంటే ప్రాణం. ఆమె పోరగా పోరగా అఫ్రాజ్ ఒకరోజు కెమెరా పట్టుకుని వెళ్లి, నాగమల్లేశ్వరి పొయ్యి దగ్గర కూర్చుని పచ్చడి కలపడం వీడియో తీశాడు. చిన్న వీడియో, అర నిమిషం కూడా లేదు. చివర్లో ఆమె కెమెరాలోకి చూసి నవ్వి, ఫోను నంబరు చెబుతుంది. ఆమె బొమ్మతో బ్యానర్ చేసి సైటులో పెట్టాడు.

మొదట్లో అదీ అన్నిటిలాగే చప్పగా ఉంది. తరువాత ఒక్కసారిగా పుంజుకుంది. రోజూ నొక్కుళ్లే. ఒక రోజు గుడివాడ నుంచి, ఒక రోజు నూజివీడు నుంచి, మరో రోజు హనుమాన్ జంక్షన్ నుంచి. డెల్టా అంతా పచ్చడి కోసం ఎగబడుతున్నట్టే ఉంది. అఫ్రాజ్ కాళ్లు నేల మీద ఆనలేదు.

"అక్కా, ఇవాళ గుడివాడవాళ్లు పడి నొక్కారు," అని వీధిలోనే కేకేసి చెప్పేవాడు.

"నిజంగానా తమ్ముడూ! అంతమంది నా మొహం చూశారా?" అని ఆమె చెంగుతో మొహం తుడుచుకునేది. ఆ తుడుచుకోవడంలోనే సంబరం తెలిసిపోయేది.

ఈ లెక్క సంగతి వన్ టౌన్‌లో పాకింది. మానేసిన కొట్లవాళ్లు మళ్లీ ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. నాగమల్లేశ్వరి అంతకంటే పెద్ద అడుగు వేసింది. ఇంత గిరాకీ ఉన్నప్పుడు తెల్లారకముందే లేచి చేపల వాసనలో కూర్చోవడం ఎందుకు, ఇంటిపట్టున ఉండి పచ్చళ్లే పెడతానంది. మార్కెట్లో చోటును అమలమ్మ అనే ఆమెకు శుక్రవారం ఇచ్చేస్తానని మాటిచ్చింది. ఆ మార్కెట్లో ఒకసారి వదిలిన చోటు మళ్లీ రాదు.

ఆ కబురు విన్నప్పుడు అక్తరున్నీసా అన్నం వడ్డిస్తూ ఒక మాట అంది.

"అంతమంది నొక్కుతున్నారు కదండీ, మరి ఆమె ఫోను మోగదేం? నేను పగలంతా పక్కనే ఉంటాను కదా. మోగితే వినపడదా?"

అఫ్రాజ్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "ముందు చూస్తారు, తర్వాత అడుగుతారు. పెళ్లిళ్ల రోజులు రానీ." వీడియో చివరిదాకా ఒక్కరూ చూడటం లేదన్న సంగతి కూడా అతనికి తెలుసు. దానికీ జవాబుంది. నెట్ స్లో, వీడియో ఆగి ఆగి వస్తుంది, విసుగొచ్చి మూసేస్తారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం కాదు అఫ్రాజ్. కానీ ఇన్నాళ్లకు చేతికి చిక్కిన కుందేలు కదా, నాలుగో కాలు వెతకబుద్ధి కాలేదు.

అయినా భార్య మాట ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు కూర్చుని నొక్కుళ్లన్నీ మళ్లీ చూశాడు. అన్నీ పొద్దున్నే, సెంటర్ల షట్టర్లు లేచే వేళకే వచ్చాయి. మధ్యాహ్నం ఒక్కటీ లేదు. ఒక రోజు ఒక ఊళ్లో వస్తే మర్నాడు పక్క ఊళ్లో వచ్చేవి, బస్సు దిగి బస్సెక్కినట్టు. జనం అలా నొక్కరు. ఒక మనిషి అలా ప్రయాణం చేస్తాడు.

నొక్కుళ్లు వచ్చే ఊళ్ల వరస చూసుకుని, మంగళవారం తెల్లవారుతూనే బస్సెక్కి హనుమాన్ జంక్షన్‌లో దిగాడు. నెట్ సెంటరు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. సెంటరు యజమాని బసవయ్య నేల ఊడ్చి, కంప్యూటర్ల ముందు అగరొత్తులు తిప్పుతున్నాడు. ఇంతలో పేరయ్య వచ్చాడు. ఎండుచేపల మూట బయట గుమ్మం పక్కన దించి, చేతులు కడుక్కున్నాడు.

"రండి పేరయ్య గారూ, రండి. మీ చెయ్యి పడిన రోజున నాకు ఖాళీ ఉండదండీ," అని బసవయ్య ఎదురొచ్చాడు.

పేరయ్య మొదటి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర మీద భార్య బొమ్మ వచ్చేదాకా ఆగి, దాని మీద నొక్కాడు. నొక్కిన వేలిని కళ్లకద్దుకున్నాడు. వీడియో మొదలవుతుండగానే మూసేసి పక్క కంప్యూటరుకు జరిగాడు. మళ్లీ అదే. అలా ఆ వరసంతా తిరిగాడు. పేరయ్య చెయ్యి మంచిదని వాళ్ల ఊళ్లో పేరు. కొత్త వల నీళ్లలో పడాలంటే ముందు అతను తాకాలనేవాళ్లు. భుజం పోయినా ఆ పేరు పోలేదు.

అఫ్రాజ్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతని లెక్క ఒక్కో కంప్యూటరును ఒక్కో మనిషిగా చూస్తుంది. సెంటర్ల వాళ్లు రాత్రి కట్టేసేటప్పుడు కంప్యూటర్లలో ఉన్నదంతా తుడిచేస్తారు కాబట్టి, తెల్లారేసరికి ప్రతి కంప్యూటరూ మళ్లీ కొత్త మనిషే. డెల్టా జనమంతా ఈ ఒక్క పేరయ్యేనన్నమాట.

లోపలికి వెళ్లి, "ఇదేంటి బావగారూ?" అన్నాడు.

పేరయ్య ఉలిక్కిపడ్డాడు గానీ దొంగతనం చేసినవాడిలా ఏం లేడు. "నువ్వా తమ్ముడూ! మీ అక్కకి బోణీ చేస్తన్నా. ఒక్కో పెట్టె ఒక్కో కొట్టు కదా! ఒకదాంట్లో చేసి ఇంకోటి వదిలేస్తే ఎట్టా?"

"అన్ని ఊళ్లలోనూ ఇంతేనా?"

"సరుకేసే ఊళ్లన్నిట్లో. వీళ్లు కూడా రమ్మంటారు, వీళ్లకీ బోణీయేగా. చూశావా, నేను మొదలెట్టాకే నీ లెక్క ఎట్టా లేచిందో!"

"లేచింది మీ లెక్కే బావగారూ," అన్నాడు అఫ్రాజ్ నెమ్మదిగా. "మీరు నొక్కిందే నేను జనం అనుకున్నా."

పేరయ్యకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. "మరి వేరేవాళ్లు? అసలెవరూ లేరా?"

"ఒకరిద్దరు ఉంటే ఉంటారు."

ఇద్దరూ బయటికొచ్చి మూట పక్కన నిలబడ్డారు. ఏలూరు వైపు లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. పేరయ్య మంచి చేత్తో అఫ్రాజ్ మణికట్టు పట్టుకున్నాడు.

"దానికి చెప్పమాకు తమ్ముడూ. నీకు దణ్ణం పెడతా. భుజం పోయిన కాడ్నించి అది నాతో యాపారం మాటే మాట్టాళ్లేదు. ఇప్పుడు అన్నం పెడతా 'ఇయాళ ఎంతమందంట మావా' అనడుగుద్ది. నేను చెప్తా ఉంటే ఇంటది. నేను మానేస్తాలే, లెక్క దానంతటదే తగ్గుద్ది."

"చోటు ఇచ్చేస్తానంటోంది కదండీ, శుక్రవారం!"

పేరయ్య చెయ్యి వదిలేశాడు. మూట ఎత్తుకుని బస్సు వైపు నడిచాడు.

తిరుగు బస్సులో అఫ్రాజ్ గట్టిగా అనుకున్నాడు, సాయంత్రమే చెప్పేయాలని. ఆ సాయంత్రం నాగమల్లేశ్వరి వాకిట్లో కొత్త జాడీలు ఎండకు ఆరబెట్టి ఉన్నాయి. చూసి వెనక్కి తిరిగాడు. బుధవారం చెబుదామనుకున్నాడు. బుధవారం పొద్దున్నే వన్ టౌన్ ఇత్తడి సామాను కొట్టు హేమసుందర్ గారు కబురు పెట్టాడు. అఫ్రాజ్ వెళితే కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, "ఆ రొయ్యల పచ్చడావిడకు వచ్చినంత రెస్పాన్స్ మాక్కూడా రావాలండీ. వస్తుందా?" అని అడిగాడు.

ఇన్నాళ్లూ అఫ్రాజ్ ఎదురుచూసింది ఆ కుర్చీ కోసమే, ఆ మాట కోసమే. ఆ లెక్క ఉత్తదని చెబితే కుర్చీ పోతుంది, మిగతా కొట్లూ పోతాయి, సైటు మూతపడుతుంది. కక్కలేక మింగలేక కాఫీ తాగాడు. "చూద్దామండీ" అన్నాడు. నాన్న అన్న హౌస్‌ఫుల్ కంటే ఆ ఒక్క మాట నీచంగా తోచింది. నాన్నకు ఖాళీ కుర్చీల సంగతి తెలిసినా వాటి వల్ల ఎవరి బతుకూ కదల్లేదు. ఇక్కడ ఒక ఆడమనిషి తన చోటు వదులుకోబోతోంది.

ఆ రాత్రి ముద్ద దిగలేదు. అక్తరున్నీసా అడిగితే అంతా చెప్పాడు. "రేపు గురువారం. ఇంకా టైముందిగా, వెళ్లి చెప్పండి. మనకు పోయేది తర్వాత చూసుకుందాం," అంది.

గురువారం మధ్యాహ్నం నాగమల్లేశ్వరి ఇంటికి వెళ్లాడు. ఆమె పెద్ద గిన్నె ముందేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. మార్కెట్ బుట్ట కడిగి గోడకు బోర్లించి ఉంది. ఆ వేళప్పుడు ఎక్కడో తిరుగుతుండాల్సిన పేరయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మంగళవారం పొద్దున బోణీ చేసిన మనిషికీ ఈ మనిషికీ పోలికే లేదు.

"రా తమ్ముడూ, రా. పొద్దున్నే చోటు అప్పజెప్పేశా," అంది ఆమె ఉత్సాహంగా.

"శుక్రవారమన్నావు కదక్కా?"

"శుక్రవారం పూట లక్ష్మిని ఒకరి చేతిలో పెట్టకూడదని మార్కెట్లో సంపూర్ణమ్మ పిన్ని కేకలేసింది. నిజమే కదాని ఇయాళే ఇచ్చేశా. అమలమ్మ అప్పుడే సరుకు కూడా దించుకుంది."

అఫ్రాజ్ అరుగు మీద కూలబడ్డాడు. బుధవారం కాఫీ ఇంకా గొంతులోనే ఉన్నట్టు చేదుగా అనిపించింది. ఇంక దాచడానికి ఏముంది? చెప్పాడు.

"నా లెక్క తప్పక్కా."

"ఎంత తప్పు?"

"మొత్తం తప్పే. ఒక మనిషి అన్ని ఊళ్లూ తిరిగి నొక్కాడు. నేను ఊళ్లన్నీ అనుకున్నా. మంగళవారమే తెలిసింది నాకు. వెంటనే చెప్పాల్సింది, చెప్పలేదు."

రొయ్యలు ఒలిచే చేతులు ఆగాయి. "ఎవరా మనిషి?"

అఫ్రాజ్ నేల చూశాడు. చెప్పమాకు తమ్ముడూ అన్న మాట చెవిలో ఉంది. ఎవరో అని దాటేద్దామని నోరు తెరిచేంతలో, గుమ్మంలోంచి పేరయ్యే పలికాడు.

"నేనేనే."

ఆమె అటు తిరిగి చూసింది. కోపం రాలేదు ముందు, నమ్మకం కుదరలేదు అంతే. "నువ్వా మావా? రోజూనా?"

"బోణీ కదా అని. నా చెయ్యి మంచిదంటారు కదా అని."

"మరి రాత్రిళ్లు నేనడిగితే, ఇంతమంది చూశారంట, అంతమంది చూశారంట అన్నావే?"

"ఈ తమ్ముడు చెప్పిందే చెప్పా. జనమే అనుకున్నా నేను కూడా. నాదొక్కటే ఉందని మొన్నటిదాకా నాకూ తెలవదు."

"అమలమ్మతో నేను మాట్లాడతా అక్కా, కాళ్లు పట్టుకునైనా సరే," అన్నాడు అఫ్రాజ్.

"వద్దు. మాటిచ్చి ఇచ్చిన చోటు. దానికీ పిల్లలున్నారు." ఆమె లేచింది. చేతులు కడుక్కోలేదు. గోడకు బోర్లించిన బుట్టను వెల్లకిలా తిప్పి, లోపల తడి ఆరిందో లేదో తడిమి చూసింది. రేపటినుంచి గేటు బయట, మురుగు కాలవ పక్కన, ఎండలో కూర్చోవాలి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకు. ఏడుస్తూనే మొగుడి వైపు తిరిగింది.

"గుడివాడ పోయావు. నూజివీడు పోయావు. ఊరూరా పోయి నా బొమ్మకి బోణీ చేశావు. ఇన్నేళ్లు ఆ మార్కెట్లో కూర్చున్నానే, తెల్లారగట్ట ఒక్క చేపన్నా అమ్ముడు పోతే బాగుండని మొక్కుకున్నానే! ఒక్కనాడన్నా నా బుట్ట కాడికొచ్చి బోణీ చేశావా మావా?"

పేరయ్య జారిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని అన్నాడు.

"అక్కడ అందరూ చూస్తారే."

"అందరూ చూడాలనేగా ఇదంతా చేసింది!" అంది నాగమల్లేశ్వరి.